ఎకరాల లెక్కకు అందని సాలమాండర్

1975లో జెరెమీ జాక్సన్, పాల్ ఇలియాస్ అనే ఇద్దరు అమెరికన్ యువకులు గ్వాటెమాలా వాయవ్య మూలనున్న కుచుమటానెస్ కొండల్లో తిరిగి, అప్పటిదాకా సైన్సుకు తెలియని, సాలమాండర్లు అనే ఉభయచరాలను మూడు రకాలు వెలుగులోకి తెచ్చారు. వాటిలో రెండు ఎంత కొత్తవంటే, ఉన్న ప్రజాతుల్లో (దగ్గరి జాతుల గుంపుల్లో) దేనిలోనూ ఇమడక వాటికంటూ వేరే ప్రజాతులు ఏర్పాటు చేయాల్సి వచ్చింది. మూడోది చెట్లెక్కే చిన్న సాలమాండర్. ఒళ్లంతా బంగారు పసుపు, వీపు పొడవునా ముదురు రంగు పట్టీ. 1984లో ఇలియాస్ దాన్ని శాస్త్రీయంగా వర్ణించి స్నేహితుడి పేరే పెట్టారు: బొలిటోగ్లోస్సా జాక్సోనీ. 1975 తరవాత అది మళ్లీ శాస్త్రవేత్తల కంటపడింది 2017 అక్టోబరులోనే. మధ్యలో 42 ఏళ్లు.

దొరికింది కాబట్టి కథ సుఖాంతం అనుకోవచ్చు. వార్తలు అలాగే వచ్చాయి కూడా. అసలు చిక్కు మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ జీవి ఉండే చోటు ఎందుకంత ఇరుకు, ఆ ఇరుకు చోటును కాపాడాలంటే ఏం కాపాడాలి అన్న ప్రశ్నలకు జవాబు ఎన్ని ఎకరాల అడవి కొన్నారన్న లెక్కలో దొరకదు. ఏ ఎత్తులో, ఎంత తడితో ఉన్న అడవి అన్నది చూడాలి.

సాలమాండర్ చూడటానికి బల్లిలా ఉంటుంది గానీ పొలుసులు ఉండవు. కప్పల్లాగే ఉభయచరం, చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. తెలుగు నేల మీద ఈ జీవి ఎక్కడా లేదు. మన దేశం మొత్తం మీద ఉన్నవి డార్జిలింగ్ నుంచి ఈశాన్య రాష్ట్రాల కొండల దాకా కనిపించే, న్యూట్లు అనే రకం సాలమాండర్లు మాత్రమే. అవి వానాకాలంలో మడుగుల్లో, కుంటల్లో గుడ్లు పెడతాయి, పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి. గ్వాటెమాలా చెట్టు సాలమాండర్ల పద్ధతి పూర్తిగా వేరు. వీటికి కుంటతో పని లేదు. గుడ్లు నేల మీదో చెట్టు మీదో తేమ ఉన్న సందులో పెడతాయి. తోకకప్ప దశ అంటూ లేకుండా, పెద్దదాని రూపాన్నే చిన్న సైజులో దింపినట్టున్న పిల్ల గుడ్డులోంచి నేరుగా బయటికి వస్తుంది.

దీనికి తోడు వీటికి ఊపిరితిత్తులు లేవు. పుట్టుకలో లోపం కాదు, ఆ కుటుంబం మొత్తం అంతే. ప్రపంచంలోని సాలమాండర్ జాతుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఊపిరితిత్తుల్లేని ఈ కుటుంబానివే. ఒంటికి కావలసిన ఆక్సిజన్ అంతా చర్మం గుండా, నోటి లోపలి పొర గుండా లోపలికి వెళ్లాలి. వాయువు చర్మం దాటాలంటే చర్మం తడిగా ఉండి తీరాలి. చర్మం ఆరిందంటే దాహం సంగతి తరవాత, ముందు ఊపిరే అందదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఈ జీవి గురించిన మిగతా సంగతులు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి: పగలు ఎందుకు బయటికి రాదు, ఎండాకాలం ఎక్కడ దాక్కుంటుంది, అడవిని కాస్త పల్చన చేసినా ఎందుకు తట్టుకోలేదు.

సాలమాండర్లు మౌలికంగా చల్లటి ఉత్తర దేశాల జీవులు. ఉష్ణమండలంలో నిజంగా కాలూని విస్తరించింది ఈ ఊపిరితిత్తుల్లేని కుటుంబంలోని ఒక శాఖే, అదీ మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న భూభాగంలోనే. ఆ శాఖలో అన్నిటికంటే పెద్ద ప్రజాతి బొలిటోగ్లోస్సా. 130కి పైగా జాతులున్నాయి. చాలావాటి పాదాలకు వేళ్ల మధ్య బాతుకాలి లాంటి పొర ఉంటుంది. ఈతకు కాదు. తడి ఆకు మీద జారకుండా పట్టుకోవడానికి అది పనికొస్తుంది. తోకను కూడా కొమ్మ చుట్టూ మెలేసి ఆసరా చేసుకుంటాయి. నాలుక సంగతి మరీ విడ్డూరం. ఇదే ప్రజాతికి చెందిన ఒక సాలమాండర్ నాలుక విసరడాన్ని 2007లో కొలిస్తే, కిలో కండరానికి 18,000 వాట్ల దాకా శక్తి తేలింది. ఏ కండరమూ సొంతంగా అంత ఇవ్వలేదు. విల్లు లాగి వదిలినట్టు ముందే బిగించి పెట్టుకున్న శక్తి అది. గంటల తరబడి కదలకుండా కూర్చునే జీవిలో ఇంత వేగం దాగి ఉండటం ఆశ్చర్యమే గానీ, తక్కువ కదిలి ఎక్కువ పట్టుకోవడం తడిని పొదుపు చేసే బతుకుకు సరిగ్గా సరిపోతుంది.

ఇక చోటు సంగతి. గ్వాటెమాలా తెలంగాణ కంటే కాస్త చిన్న దేశం. అందులో వాయవ్యాన హువెహువెటెనాంగో ప్రాంతంలో కుచుమటానెస్ శ్రేణి ఉంది. మధ్య అమెరికాలో అగ్నిపర్వతాలు కాని కొండల్లో ఇదే ఎత్తయినది, శిఖరాలు 3,800 మీటర్లు దాటతాయి. అక్కడ ఉండేది ఎక్కువగా కంజోబాల్ వంటి మాయా భాషలు మాట్లాడే జనం. శ్రేణికి ఉత్తరం వైపు వాలు మీద, బరియాస్ పట్టణానికి పైనున్న అడవుల్లోనే జాక్సన్ సాలమాండర్ దొరికింది. ప్రపంచంలో దీనికి తెలిసిన ఉనికి అంతా ఆ చుట్టుపక్కలే.

కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ వైపు నుంచి వచ్చే తేమగాలి ఈ వాలుకు తగిలి పైకెక్కుతుంది, చల్లబడుతుంది, మబ్బు అవుతుంది. ఆ మబ్బు చెట్ల మీదుగా కాదు, చెట్ల మధ్యగానే పోతుంది. వాన పడని రోజున కూడా ఆకులు, కొమ్మలు, నాచు ఆ మబ్బులోని నీటిని దువ్వి దింపుతాయి. కొమ్మల మీద నాచు మందంగా పేరుకుని, ఎప్పుడు ముట్టుకున్నా తడి గోనెసంచిలా నీరు కారుస్తుంది. దాని మీద ఆర్కిడ్లు, ఫెర్నులు, అనాస కుటుంబానికే చెందిన బ్రోమీలియాడ్ మొక్కలు పెరుగుతాయి. బ్రోమీలియాడ్ ఆకులు మొదట్లో ఒకదానిలో ఒకటి దూరి గిన్నెలా ఏర్పడతాయి. అందులో నీళ్లు, రాలిన ఆకుల కుళ్లు, పురుగుల పిల్లలు ఉంటాయి. నేలకు పది, ఇరవై మీటర్ల ఎత్తున, కొమ్మ మీద, ఆకుల సందుల్లో చెట్టు సాలమాండర్లకు ఇల్లూ వాకిలీ, భోజనశాలా అన్నీ అక్కడే. రాత్రి తేమ పెరిగాక బయటికొచ్చి ఆకుల మీద తిరుగుతాయి. తెల్లారేసరికి మళ్లీ లోపలికి.

ఇలాంటి అడవి కొండ మొత్తం ఉండదు. మబ్బు రోజూ తగిలే ఎత్తులో ఒక పట్టీలా ఉంటుంది. పట్టీకి కింద వేడి, పైన చలి, మధ్యలో ఈ జీవి. ఇంత సన్నటి పట్టీలో ఎందుకు ఇరుక్కుందన్న ప్రశ్నకు 1967లో డేనియల్ జాన్జెన్ అనే జీవశాస్త్రవేత్త చెప్పిన తర్కం ఇప్పటికీ పనికొస్తుంది. చలిదేశాల్లో ఒకే చోట వేసవికీ శీతాకాలానికీ ముప్పై, నలభై డిగ్రీల తేడా వస్తుంది. అక్కడి జీవి ఆ తేడాకు అలవాటు పడే ఉంటుంది కాబట్టి ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కడం దానికి పెద్ద విషయం కాదు. ఉష్ణమండలంలో ఒక ఎత్తులో ఏడాది పొడవునా దాదాపు ఒకే ఉష్ణోగ్రత. అక్కడ పుట్టిన జీవికి ఆ కాస్త పరిధే తెలుసు. లోయ ఐదొందల మీటర్లే లోతున్నా దాని ఒంటికి అది దాటలేని వేడి. అందుకే ఈ కొండ మీది జాతి ఈ కొండ మీదే, పక్క కొండ మీద దాని దాయాది. లక్షల ఏళ్లు ఇలా విడివిడిగా ఉండబట్టే ఒక్క ప్రజాతిలో ఇన్ని జాతులు పుట్టాయి. ఆ ఇరుకే వీటి వైవిధ్యానికి కారణం, ఇప్పుడు అదే వీటికి గండం కూడా.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. చిన్న చోటులో ఉన్న జీవి అనగానే ఒకప్పుడు అంతటా ఉండేదని, మనుషులు తరిమితే ఈ మూలకు చేరిందని అనుకుంటాం. పులి విషయంలో అది నిజం. జాక్సన్ సాలమాండర్ లాంటి వాటికి అడవి నిండుగా ఉన్న రోజుల్లో కూడా చోటు చిన్నదే. కాబట్టి ఉన్న చోటు పోతే వేరే చోట వదిలి పెంచుదాం అన్న ఆలోచన ఇక్కడ పనిచేయదు.

ఆ చోటును తింటున్నవి ప్రధానంగా పంటలు: మొక్కజొన్న, పశువుల మేత, కాఫీ, యాలకులు. చివరిదాని దగ్గర మన పాఠకులు కాస్త ఆగాలి. యాలకుల మొక్క పుట్టిల్లు మన పడమటి కనుమలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది గ్వాటెమాలాకు చేరింది, మబ్బు తగిలే కొండవాలు అచ్చంగా తన ఊరిలాగే అనిపించి పాతుకుపోయింది. ఇవాళ యాలకుల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం గ్వాటెమాలాదే. ఎక్కువ భాగం గల్ఫ్ దేశాలకు, కాఫీలో వేసుకోవడానికి పోతుంది. మన దగ్గర యాలకుల ధర గురించి రాసే వార్తల్లో ఆ దేశం దిగుబడి ప్రస్తావన తరచూ ఎందుకు వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

యాలకులకు నీడ కావాలి. అందువల్ల రైతు పెద్ద చెట్లను పూర్తిగా కొట్టడు. కొన్నిటిని ఉంచి, కింది పొదలు నరికి, పడిపోయిన మానులు తీసేసి, ఆ ఖాళీలో మొక్కలు వేస్తాడు. ఉపగ్రహ చిత్రంలో చూస్తే అక్కడ అడవి ఉన్నట్టే ఉంటుంది. సాలమాండర్ వైపు నుంచి చూస్తే లేదు. పందిరి పల్చబడి ఎండ, గాలి లోపలికి దూరాయి. నాచు ఎండి రాలిపోయింది. బ్రోమీలియాడ్లు తగ్గాయి. దాక్కునే కుళ్లు మాను పొయ్యిలోకి పోయింది. కోసిన కాయలను ఆరబెట్టేందుకు కొలిమిలో కట్టెలు కాలుస్తారు, ఆ కట్టెలు ఎక్కువగా చుట్టుపక్కల అడవివే. అడవి శాతం ఎంత మిగిలిందన్న లెక్కలు ఈ జీవి విషయంలో మోసం చేసేది ఇక్కడే.

అలాగని పంట పడిన ప్రతిచోటా సాలమాండర్ మాయమవుతుందని కూడా కాదు. ఇదే ప్రజాతిలో తక్కువ ఎత్తున ఉండే కొన్ని చిన్న జాతులు అరటి తోటల్లో, ఆకు కాండాన్ని కలిసే సందులో దర్జాగా బతుకుతున్నాయి. వాటికి కావలసింది తడి సందు ఒకటే, అది బ్రోమీలియాడా అరటా అన్న పట్టింపు లేదు. మబ్బు పట్టీలో ఉండే జాతులకు అంత వెసులుబాటు లేదు. ఏ జాతి ఎంతవరకు సర్దుకోగలదో తెలుసుకోకుండా అన్నిటికీ ఒకే మందు రాయడం అనవసర ఖర్చు. చెట్ల నీడన పెంచే కాఫీని ప్రోత్సహిస్తే ఉభయచరాలు బతుకుతాయనే వాదన అరటి సందు సాలమాండర్ల మటుకు నిజం కావచ్చు, జాక్సన్ సాలమాండర్ మటుకు దాన్ని అలా ఒప్పేసుకోకూడదు.

అడవి నరకడం ఆగితే చాలా? చాలదని చెప్పే గట్టి ఆధారం అదే దేశంలో ఉంది. మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో టహుముల్కో అగ్నిపర్వతం ఉంది, 4,220 మీటర్లు, మధ్య అమెరికాలో దాన్ని మించిన శిఖరం లేదు. 1970ల్లో డేవిడ్ వేక్, జేమ్స్ లించ్ అనే శాస్త్రవేత్తలు ఆ వాలు మీద ఏ ఎత్తులో ఏ సాలమాండర్ ఉందో ఓపిగ్గా నమోదు చేశారు. అప్పట్లో కొన్ని జాతులు మాను తిప్పితే చాలు కనిపించేవి. మూడు దశాబ్దాల తరవాత అదే వాలును మళ్లీ వెతికారు. ఫలితం 2009లో వచ్చింది. ఒకప్పుడు విరివిగా ఉన్న కొన్ని జాతుల జాడే లేదు. అడవి బాగానే ఉన్న, రక్షణ బాగానే ఉన్న చోట్ల కూడా ఇదే పరిస్థితి. మధ్య ఎత్తుల నుంచి పైకి, నేల మీద ఒకే రకమైన దాపును నమ్ముకుని బతికేవి ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఎక్కడైనా సర్దుకోగలిగినవి కాస్త నిలదొక్కుకున్నాయి.

కారణం వెతుకుతూ 2011లో మరో బృందం మ్యూజియం సీసాల వైపు తిరిగింది. దశాబ్దాల కిందట పట్టి భద్రపరిచిన ఉభయచరాల చర్మాన్ని దూదిపుల్లతో తుడిచి, కైట్రిడ్ అనే ఫంగస్ డీఎన్ఏ ఉందేమో చూశారు. ఆ ఫంగస్ 1970ల్లో దక్షిణ మెక్సికోలో కనబడి, 1980, 90ల్లో గ్వాటెమాలాకు, 1987 నాటికి కోస్టారికాకు పాకినట్టు, జాతులు మాయమైన కాలంతో అది సరిపోతున్నట్టు తేలింది. కప్పలను ఖండాల వారీగా తుడిచిపెట్టిన ఫంగస్ ఇదే. చర్మంలో పెరిగే తెగులు చర్మంతోనే ఊపిరి తీసే జీవికి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. 2013లో నెదర్లాండ్స్‌లో దీని చుట్టమైన మరో ఫంగస్ బయటపడింది. ఆసియాలో పుట్టి, పెంపుడు జంతువుల వ్యాపారంతో ఐరోపా చేరిందని అంచనా. ఇది సాలమాండర్లనే ఎంచుకుని చంపుతుంది. అమెరికా ఖండాల్లో ఇంతవరకు బయటపడలేదు. వస్తుందేమోనన్న టెన్షన్‌తోనే 2016 జనవరిలో అమెరికా ప్రభుత్వం 201 జాతుల సాలమాండర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. సాలమాండర్లు అత్యధికంగా ఉన్న ఖండానికి ఇది తప్పనిసరి జాగ్రత్తే.

మూడో దెబ్బ వాతావరణానిది. 2023లో వెలువడిన ప్రపంచ ఉభయచరాల అంచనాలో దాదాపు 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయని తేలితే, సాలమాండర్లలో ఆ వాటా 60 శాతం. మబ్బు అడవుల్లో అసలు భయం సగటు ఉష్ణోగ్రత ఒకటో రెండో డిగ్రీలు పెరగడం గురించి కాదు, మబ్బు ఎత్తు మారడం గురించి. గాలి వేడెక్కితే మబ్బు ఏర్పడే ఎత్తు పైకి జరుగుతుంది. కింది మైదానాల్లో అడవి కొట్టేసినా అదే జరగవచ్చని కోస్టారికాలోని మోంటెవెర్డే కొండల మీద చేసిన పరిశోధనలు సూచించాయి. 1989 తరవాత మళ్లీ కనిపించని బంగారు గోదురుకప్ప ఆ మోంటెవెర్డేదే. మబ్బు జరిగితే సాలమాండర్ దాని వెంట పైకి జరగాలి. పైన అడవి ఉంటే జరుగుతుంది. పైన మొక్కజొన్న చేను ఉంటే ఆగిపోతుంది. పైన కొండే లేకపోతే అంతే సంగతులు.

జాక్సన్ సాలమాండర్ కోసం 2015లో ఏర్పాటైన రిజర్వును ఈ కోణంలో చూడాలి. బరియాస్ దగ్గర సాన్ ఇసిద్రో అనే ఎస్టేటు అడవిని, గ్వాటెమాలాకు చెందిన ఫుందాఎకో సంస్థ, రెయిన్‌ఫారెస్ట్ ట్రస్ట్ వంటి కొన్ని అంతర్జాతీయ సంస్థలు కలిసి కొన్నాయి. విస్తీర్ణం రెండు వేల ఎకరాల పైచిలుకు. యాల్ ఉనిన్ యుల్ విట్స్ అన్నది దాని మాయా పేరు. కొన్న సమయానికి జాక్సన్ సాలమాండర్ అక్కడ ఉందో లేదో ఎవరికీ తెలియదు. కానీ 1975లో దానితో పాటే వెలుగులోకి వచ్చిన మిగతా రెండు జాతులను కార్లోస్ వాస్కెజ్ అనే గ్వాటెమాలా శాస్త్రవేత్త 2009, 2010ల్లో మళ్లీ కనుగొన్నారు. ఆ రెండూ ఉన్నాయంటే మూడోది కూడా ఉండవచ్చన్న అంచనాతో దిగారు. దొరికాక రక్షిద్దాం అనుకుని ఉంటే ఈలోగా ఆ అడవి కాఫీ తోట అయ్యేది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదేనని చెప్పొచ్చు.

2017లో ఒక అంతర్జాతీయ సంస్థ 'తప్పిపోయిన' 25 జాతుల జాబితా ప్రకటించింది. ఆ జాబితాలో అన్నిటికంటే ముందు దొరికింది ఈ సాలమాండరే. కనిపెట్టింది మాత్రం యాత్రకు వచ్చిన నిపుణులు కాదు. వాస్కెజ్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి రాత్రిళ్లు తలకు లైట్లు కట్టుకుని వెతికినా దొరకనిది, రిజర్వులో గస్తీ తిరిగే స్థానిక గార్డుకు మధ్యాహ్నం భోజనానికి ఆగిన చోట కనిపించింది. ఫోటో తీసి పంపితే వాస్కెజ్ గుర్తుపట్టారు.

దాన్ని అదృష్టం అని వదిలేస్తే అసలు పాయింటు పోతుంది. చెట్టు సాలమాండర్లను లెక్కించడం చాలా కష్టం. ఎక్కువ కాలం పందిరి ఎత్తున, ఆకుల గిన్నెల్లో ఉంటాయి. వెతకాలంటే బ్రోమీలియాడ్‌ను కొమ్మ నుంచి పీకి ఒక్కో ఆకూ విప్పాలి, నాచు ఒలవాలి. అంటే వెతుకులాట కాస్త గట్టిగా సాగితే వెతుకుతున్న జీవి ఇంటినే కూల్చినట్టు. పది రోజుల యాత్రలో తేమ సరిగ్గా లేకపోతే ఒక్కటీ బయటికి రాదు. ఏడాదంతా అదే బాటలో నడిచే మనిషికి మాత్రం సరైన రోజు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. 42 ఏళ్లు కనపడకపోవడంలో సాలమాండర్ అరుదు కావడం ఎంతో, గ్వాటెమాలాలో 1996 దాకా సాగిన అంతర్యుద్ధం వల్ల ఆ కొండలకు వెళ్లలేకపోవడం కూడా అంతే.

దొరికినది పిల్ల సాలమాండర్ కావడం ఇంకో మంచి కబురు. ముసలిది ఒకటి మిగిలి ఉందంటే అర్థం వేరు. పిల్ల ఉందంటే ఈ మధ్యే ఎక్కడో గుడ్లు పెట్టిన తల్లి ఉందని, ఆ గుడ్లు పొదిగేంత తడి ఇంకా ఉందని అర్థం. ఎన్ని ఉన్నాయన్నది మాత్రం ఒక్క పిల్లతో తేలదు.

ఆ తరవాత రిజర్వు పక్కనున్న అడవిని కూడా కలిపే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఇలాంటప్పుడు దాతలకు చూపించే పత్రాల్లో ఎకరాలే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఒకే ఎత్తులో అడ్డంగా వెయ్యి ఎకరాలు కలపడం కంటే, వాలు వెంట కింద నుంచి శిఖరం దాకా సన్నటి మూడొందల ఎకరాలు కలపడం ఈ జీవికి ఎక్కువ మేలు. మబ్బు పైకి జరిగిన రోజున వెళ్లడానికి దారి ఉంటుంది. పై వాలు మీద ఊళ్లు, చేలు ఉంటాయి కాబట్టి అది కొనుగోలుతో తెగే వ్యవహారం కాదు. మాయా గ్రామాలతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని. సామూహిక అడవులను తరతరాలుగా కాపాడుకున్న అలవాటు ఆ గ్రామాల్లో చాలావాటికి ఉంది. యాలకులకు, కాఫీకి బదులు ఇంకేం ఆదాయం అన్న ప్రశ్న అక్కడ మొదటే వస్తుంది.

దానికి ఉన్న జవాబుల్లో ఒకటి గార్డు ఉద్యోగమే. జీతం పెద్దది కాకపోవచ్చు గానీ అడవి నిలబడితేనే ఆ ఉద్యోగం ఉంటుంది. గస్తీ బాటల వెంట వేర్వేరు ఎత్తుల్లో తేమ కొలిచే చిన్న పరికరాలు పెట్టి, వాటిని చూసుకునే పని కూడా గార్డులకే అప్పగిస్తే, మబ్బు ఏ ఏడాది ఎంత పైకి జరుగుతోందో రికార్డు ఉంటుంది. సాలమాండర్ కనిపించినా కనిపించకపోయినా ఆ రికార్డు పనికొస్తుంది. నిధులు మాత్రం ఎక్కువగా భూమి కొనేటప్పుడే వస్తాయి. ఆ తరవాత ఇరవై ఏళ్లు గార్డులకు జీతం ఇవ్వడానికి ముందుకొచ్చే దాతలు తక్కువ.